సెలవు ఎవరిది, దారి ఎవరిది?
(విహారయాత్రల చరిత్రపై ఒక పరిశీలన)

మన చరిత్ర పుస్తకాలలో దండయాత్రలున్నవి, దిగ్విజయ యాత్రలున్నవి, తీర్థయాత్రలు కూడా ఉన్నవి. ఒక గుమాస్తా భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని, పులిహోర గిన్నె, మంచినీళ్ల కూజా మోసుకొని, ఒక పూట కొండనో కోననో చూసి వచ్చిన యాత్రకు మాత్రం వాటిలో చోటు దొరకలేదు. ఇంత చిన్న సంగతికి చరిత్ర ఏమిటని పండితులు నవ్వవచ్చు. నేను ఆ నవ్వులో కలవలేను. ఒక సామాన్య కుటుంబం ఒక్కరోజు ఊరు విడిచి సరదాగా వెళ్లి రావాలంటే మూడు వసతులు ఉండాలి. ఆ రోజు పని మానినందుకు కూలి పోకూడదు. చార్జీ పెట్టుకోగల శక్తి ఉండాలి. వెళ్లే చోటికి దారి ఉండాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఆకాశం నుండి ఊడిపడలేదు. సెలవు కోసం కార్మికులు పోరాడారు. దారి కోసం ఎందరో మన్నెగాళ్లు, కూలీలు రాళ్లు కొట్టారు. కనుక విహారయాత్ర చరిత్ర రాయడమంటే రెండు ప్రశ్నలకు జవాబు చెప్పడమే: ఈ సెలవు ఎవరిది? ఈ దారి ఎవరిది?

పూర్వం మనవాళ్లు ఇల్లు కదలలేదని కాదు. కదిలారు. ఐతే ఆ కదలికకు పంచాంగం వేరు. కోతలు, నూర్పిళ్లు అయి గింజలు ఇల్లు చేరిన తరువాత తిరునాళ్లు వచ్చేవి. మహాశివరాత్రికి పల్నాటి పల్లెలు ప్రభలు కట్టుకొని కోటప్పకొండకు కదిలేవి. రెండేళ్లకొకసారి మాఘ పౌర్ణమికి మేడారం అడవి జనంతో నిండేది. పన్నెండేళ్లకొకసారి పుష్కరాలు. ఏటా కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనం. బండి ఉన్నవాడు బండి కట్టేవాడు, లేనివాడు నడిచేవాడు. ముందు దేవుడి పేరు ఉన్నా, దాని వెనుక చుట్టాల పలకరింపు ఉన్నది, రంగులరాట్నం ఉన్నది, గాజుల అంగడి ఉన్నది, ఒళ్లు అలిసిన మనిషికి ఒకటి రెండు రోజుల ఊపిరి ఉన్నది. సెలవు ఇచ్చే యజమాని లేని రోజులలో శ్రమజీవికి దేవుడే సెలవు ఇప్పించాడు. జాతరలను వట్టి మూఢవిశ్వాసమని కొట్టిపారేసే మిత్రులు ఈ సంగతి గమనించాలి.

అంతమాత్రాన గతానికి బంగారు పూత పూయనక్కరలేదు. తిరునాళ్లకు ఆసామి బయలుదేరితే బండి తోలేది పాలేరు. ఆసామి ఇంటిల్లిపాదీ వనంలో విస్తళ్ల ముందు కూర్చుంటే, మాలమాదిగలు ఆ బంతికి ఎడంగా నిలబడ్డారు. ఆ ఎడం నేటికీ తీరలేదనడానికి దూరం పోనక్కరలేదు. కార్తీకమాసం వచ్చిందంటే మన పట్టణాల తోటలలో కులసంఘాల పేర బానర్లు వెలుస్తున్నవి. ఏ కులం వనభోజనం ఆ కులానిది. ఉసిరిచెట్టు నీడ అందరికీ ఒకటే ఐనా, ఆ నీడన కూర్చునే మనుషులను మాత్రం ఎవరికి వారుగా విడదీసి కూర్చోబెడుతున్నారు. విద్యాధికులు, ఉద్యోగులు, పట్టణవాసులు ఈ పని చేస్తున్నారు. ఎన్నికలు దగ్గరపడితే ఆ బంతులలో నాయకులు ప్రత్యక్షమవుతారు. పాత ఆచారం కొత్త రాజకీయానికి ఇలా పనికివస్తున్నది.

ఇక పాలకుల విహారం సంగతి. కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివాన్ 1819లో నీలగిరి ఎక్కాడు. తోడాల పచ్చికబయళ్లలో నామమాత్రపు ధరకు నేల సంపాదించి, 1820ల తొలినాళ్లలో రాతి ఇల్లు కట్టుకున్నాడు. ఉదకమండలం ఊటీ కావడానికి అది మొదలు. 19వ శతాబ్దం ఉత్తరార్ధం నాటికి మద్రాసు గవర్నరు, ఆయన కచేరీ వేసవి రాగానే కొండెక్కి నెలల తరబడి అక్కడినుండే రాజ్యం నడపడం వాడుక అయింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు మద్రాసు రాజధానిలో భాగం. సర్కారు చల్లగాలి అలవాటు చేసుకొన్న ఆ కాలంలోనే, 1876-78లో, ధాత కరువు రాయలసీమను ఊడ్చిపెట్టింది. బళ్లారి, కర్నూలు, కడప ప్రజలు కరువు పనుల మీద రాళ్లు కొట్టారు. మేట్టుపాళయం నుండి కూనూరుకు కొండరైలు 1899లోను, అక్కడినుండి ఊటీకి 1908లోను వచ్చింది. మన సీమలో కూడా ఒక చిన్న ఊటీ వెలిసింది. మదనపల్లె దగ్గరి ఏనుగు మల్లమ్మ కొండ మీద కడప కలెక్టరు హార్స్‌లీ వేసవి బంగళా కట్టుకున్నాడు. నాలుగువేల అడుగుల ఎత్తున మల్లమ్మ పేరు వెనుకబడి, కలెక్టరు పేరు నిలిచింది. నేటికీ మనం హార్స్‌లీ హిల్స్ అనే అంటున్నాము.

నిజాం రాజ్యంలో ఇదే తంతు వేరొక వేషంలో సాగింది. కాకతీయులు పొలాలకు నీళ్లివ్వడానికి కట్టించిన పాకాల చెరువు చుట్టూ ఉన్న అడవి ప్రభువుల వేటకు ఆటపట్టు అయింది. అధికారి గాని, దొర గాని విడిదికి వస్తే ఊరంతా వెట్టికి సిద్ధం కావాలి. కుమ్మరి కుండలు తేవాలి, చాకలి నీళ్లు మోయాలి, గొల్ల మేకపిల్లను ఇయ్యాలి, మాదిగ సామాను నెత్తిన పెట్టుకొని ముందు ఊరిదాకా నడవాలి. దొరకు విహారమైన రోజు ఊరికి వెట్టి అయిన రోజు. 1946-51 మధ్య తెలంగాణా రైతాంగం చేసిన సాయుధ పోరాటం భూమి కోసం జరిగిందని మనం చెప్పుకొంటాము. అది ఈ వెట్టి రోజుల నుండి విముక్తి కోసం కూడా జరిగింది. తన రోజు తనది అని చెప్పగల హక్కు లేనివాడికి సెలవు అన్న మాటకు అర్థమే లేదు.

మరి ఆ సెలవు మనకు ఎట్లా వచ్చింది? విహారయాత్ర చరిత్ర రాసేవారు ఇంగ్లండు నుండి మొదలుపెడతారు. 1841 జూలై 5న థామస్ కుక్ అనే మద్యనిషేధ ప్రచారకుడు సుమారు 500 మందిని లెస్టర్ నుండి లఫ్‌బరోకు రైలులో తీసుకువెళ్లాడు. మనిషికి ఒక షిల్లింగు. ఇది జరిగిన సంగతే. ఐతే రైలు ఉన్నంత మాత్రాన కార్మికుడు రైలెక్కలేడు. ఫ్యాక్టరీ తలుపు తెరుచుకోవాలి. మన దేశంలో ఆ తలుపు తట్టినవాడు నారాయణ మేఘాజీ లోఖండే. జోతిరావు ఫూలే సహచరుడు, సత్యశోధకుడు. బొంబాయి మిల్లులలో తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా, వారంలో ఏడు రోజులూ పనిచేసే వేలాది స్త్రీ పురుషుల తరఫున 1884లో అర్జీలు పెట్టించాడు. సభలు జరిపించాడు. చివరకు 1890 జూన్‌లో మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. మరుసటి ఏడు, 1891 ఫ్యాక్టరీల చట్టం వారపు సెలవును గుర్తించింది. క్రైస్తవ పాలకులు తమ మతంతోపాటు ఆదివారాన్ని తెచ్చి మనకు దానం చేశారని చాలామంది అనుకుంటారు. దొరల కచేరీకి ఆదివారం మొదటినుండీ సెలవే. మిల్లు కూలీ మాత్రం దానిని గుంజుకోవలసి వచ్చింది.

ఇందుకు దగ్గరగా మరొక ఘట్టం ఉన్నది. 1923 మే 1న సింగారవేలు మద్రాసు సముద్రతీరాన మే దినోత్సవం జరిపాడు. మన దేశంలో అదే మొదటి మే దినం. సాయంకాలం చల్లగాలికి షికారు చేసే ఇసుక మీద ఆ రోజు ఎనిమిది గంటల పనిదినం మాట వినపడింది. ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల విశ్రాంతి, ఎనిమిది గంటలు మనిషి తనకోసం తాను ఉంచుకొనే కాలం అన్న లెక్కలోనే విహారానికి బీజం ఉన్నది. 1936లో ఫ్రాన్సు కార్మికులు దేశమంతటా ఫ్యాక్టరీలను ఆక్రమించి సమ్మె చేసిన ఫలితంగా, ప్రజాసంఘటన ప్రభుత్వం రెండు వారాల జీతపు సెలవును చట్టం చేసింది. రైలు చార్జీలో నూటికి నలభై వంతులు తగ్గించే టిక్కెట్టును కూడా ఆ వేసవిలోనే తెచ్చింది. పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడని కుటుంబాలు ఆ ఏడు సముద్రం చూశాయి. సమ్మెకూ సముద్రానికీ ఉన్న సంబంధం ఇది.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడికి, ప్రతి 20 పనిదినాలకు ఒకరోజు చొప్పున జీతపు సెలవు నిర్ణయించింది. 1956లో కేంద్ర ప్రభుత్వోద్యోగులకు సెలవు ప్రయాణ రాయితీ మొదలైంది. నలుగురైదుగురు కుటుంబంతో కలిసి రైలులో దూరం వెళ్లి రావడం మధ్యతరగతి ఇళ్లలో అలవాటు కావడానికి ఇదొక ముఖ్య కారణం. రాజ్యాంగం 15వ అధికరణం హోటళ్లలో, వినోద స్థలాలలో కులాన్ని బట్టి ఎవరినీ అడ్డగించరాదన్నది. 43వ అధికరణం ఇంకా ముందుకు పోయి, వ్యవసాయ కార్మికులతో సహా శ్రమించే వారందరికీ జీవనభృతితో పాటు విశ్రాంతిని పూర్తిగా అనుభవించే పరిస్థితులు కల్పించడానికి రాజ్యం పాటుపడాలన్నది. చదువరులు ఈ అధికరణాన్ని ఒకసారి తీసి చూడాలని కోరుతున్నాను. విశ్రాంతి అన్న మాట మన రాజ్యాంగంలోనే ఉన్నది. ఐతే అది ఆదేశసూత్రాలలో ఉన్నది, న్యాయస్థానంలో అడిగి తెచ్చుకొనే హక్కులలో లేదు. అందువల్ల వరి నాట్లు వేసే ఆడకూలీకి, మేస్త్రీ కింద ఇటుక మోసేవాడికి, ఇంటింటా అంట్లు తోమే పనిమనిషికి, సెల్‌ఫోను పిలుపు మీద భోజనం పొట్లాలు మోసే కుర్రవాడికి నేటికీ సెలవంటే కూలి లేని రోజే. వానపడి పని దొరకని రోజును ఎవరూ విహారమనరు.

సెలవు సంగతి ఇది. ఇక దారి సంగతి చూద్దాము. కొన్నేళ్లుగా చలికాలం వస్తే మన ప్రాంతపు కుటుంబాలు లంబసింగికి కదులుతున్నవి. నర్సీపట్నం దాటి ఘాటు ఎక్కితే మూడువేల అడుగుల పైచిలుకు ఎత్తున ఉన్న చిన్న ఊరు అది. డిసెంబరు, జనవరి నెలలలో వేడిమి సున్నా దాకా పడిపోతుంది. తెల్లవారుజామున మంచు చూడటానికి కార్లు బారులు తీరుతాయి. ఆంధ్రా కాశ్మీరం అని దానికి ముద్దుపేరు. నేను విద్యార్థులతో ఆ ఘాటు ఎక్కినప్పుడు ఒక అబ్బాయి, ఇంత అడవిలో ఈ రోడ్డు ఎవరు వేశారండీ అని అడిగాడు. చరిత్ర అధ్యాపకుడికి ఇంతకంటె మంచి ప్రశ్న ఎదురుకాదు.

ఆ రోడ్డు కథ మన స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో ఉన్నది. 1882 మద్రాసు అటవీ చట్టం తరువాత మన్యంలో పోడు వ్యవసాయానికి అడ్డంకులు మొదలైనవి. అడవి కాయకూ, పుల్లకూ గార్డు చేయి తడపవలసి వచ్చింది. దానికి తోడు ఘాటు రోడ్లు. నర్సీపట్నం నుండి లంబసింగి వైపు రోడ్డు వేయించిన గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, గిరిజనులను బలవంతాన పనిలో దింపి సరిగా కూలి ఇవ్వలేదన్నది ప్రసిద్ధమైన ఫిర్యాదు. అల్లూరి సీతారామరాజు ఆ ఫిర్యాదును పైకి మోశాడు. వినేవాడు లేకపోయాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణా మీద దాడి జరిగింది. మరి రెండు రోజులలో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలు. 1924 మే 7న రాజును కాల్చిచంపేదాకా ఆ కొండలు ఆరలేదు. 2022లో ఏర్పడిన జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాము, మంచిదే. కాని ఆ ఘాటు మలుపులలో ఆగి బొమ్మలు తీసుకొనే మనకు, కాలికింద ఉన్న రాయి ఎవరి వెట్టితో పడిందో చెప్పేవారు ఎవరు?

మరి కొంత ఉత్తరాన అరకులోయ. కొత్తవలస నుండి కిరండూలు దాకా పోయే రైలుదారి, సొరంగాల మీద సొరంగాలు, లోయలు, జలపాతాలు. పిల్లలు కిటికీలకు అతుక్కుపోతారు. 2017లో ఆ రైలుకు అద్దాల పెట్టె కూడా తగిలించారు. ఐతే ఆ దారి వేసింది పిల్లల కోసం కాదు. బైలదిల్లా ఇనుప రాయిని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి 1960లలో వేశారు. ఖనిజం కోసం తొలిచిన కొండ గుండా మనం విహారానికి పోతున్నాము. ఆ దారిలోనే బొర్రా గుహలు. ఆ గుహల చుట్టుపక్కల గ్రామాలలో గిరిజనుల భూమిని గనుల కోసం ప్రైవేటు కంపెనీలకు కౌలుకిచ్చినందుకు సమత అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. 1997 జూలైలో సుప్రీంకోర్టు, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు అట్లా కౌళ్లు ఇవ్వడం చెల్లదన్నది. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానిని బిగించిన 1970 సవరణ ప్రభుత్వానికి కూడా వర్తిస్తాయన్నది. మన విద్యార్థులు బొర్రా గుహలలో శివలింగాకారపు రాళ్లను చూసి వస్తున్నారు. సమత పేరుతో దేశమంతా చెప్పుకొనే తీర్పు ఒకటి ఉన్నదని వారికి ఎవరూ చెప్పడం లేదు.

ఇంతవరకు చెప్పినది చదివి, ప్రతి విహారస్థలమూ దోపిడీ గురుతేనా అని కొందరు అడుగవచ్చు. కాదు. నాగార్జునసాగర్ ఉన్నది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశాడు. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. యంత్రాలకంటె ఎక్కువగా మనుషుల చేతులతో, రాతితో కట్టిన ఆనకట్ట అది. పాలమూరు నుండి వలస వచ్చిన కూలీల చెమట ఆ గోడలో ఉన్నది. నీళ్లలో మునిగే ఇక్ష్వాకుల విజయపురిని 1954 నుండి 1960 దాకా త్రవ్వి, కట్టడాలను కొండమీదికీ అనుపుకూ తరలించి, 1966లో నాగార్జునకొండ మీద మ్యూజియం తెరిచారు. ఆంధ్రదేశంలో మూడు తరాల బడిపిల్లలు బస్సెక్కి, లాంచీ ఎక్కి చూసిన విహారం ఇదే. అక్కడ చూడవలసినవి రాజుగారి బంగళాలు కావు. ప్రజల సొమ్ముతో, ప్రజల చేతులతో, ప్రజల పొలాల కోసం కట్టిన కట్టడం. విహారం విద్య కాగలదని సాగర్ రుజువు చేసింది. ఐనా, ఆ లోయలో ఊళ్లు విడిచి వెళ్లిన కుటుంబాల మాట ఆ మ్యూజియంలో ఎక్కడ వినపడుతుంది? మూడవ శతాబ్దపు ఉపాసికల దానాలు మనకు శాసనాలలో పేర్లతో సహా తెలుసు. ఇరవయ్యవ శతాబ్దపు నిర్వాసితుల పేర్లు తెలియవు.

ఆ ప్రశ్నే నేడు పాపికొండల మధ్య మరింత ఘాటుగా నిలిచి ఉన్నది. గోదావరి మీద లాంచీ ప్రయాణం తెలుగువారి విహారాలలో అందమైనది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదారిలో లాంచీ మునిగి, సెలవురోజు సరదాకు వచ్చిన కుటుంబాలు జలసమాధి అయినవి. ఆ రోజు ప్రాణాలకు తెగించి నాటుపడవలతో కొందరిని ఒడ్డుకు చేర్చింది ఒడ్డు గ్రామాల గిరిజనులే. ఆ ఒడ్డు ఊళ్లు పోలవరం ముంపులోకి పోతున్నవి. ముంపు లెక్కలో లక్షకు పైగా కుటుంబాలున్నవి. కొండరెడ్లు, కోయలు పునరావాస కాలనీల రేకుల కింద, కప్పుల కింద నది లేని జీవితం నేర్చుకుంటున్నారు. యాత్రికుడు కొండల అందం చూసి సాయంత్రానికి రాజమండ్రి చేరతాడు. కొండమనిషికి సాయంత్రం చేరే ఊరే లేకుండా పోతున్నది.

చివరగా, కుటుంబ విహారం అంటున్నాము గనుక కుటుంబం లోపలికి కూడా తొంగిచూడాలి. ఆదివారం ఆరుగంటలకు బయలుదేరాలంటే ఇల్లాలు మూడుగంటలకు లేవాలి. పులిహోర, దద్దోజనం, పిల్లలకు వేరుగా ఏదో ఒకటి, మామగారికి కారం లేని కూర. విహారస్థలంలో వడ్డన ఆమెది, పిల్లల బట్టలు మార్చేది ఆమె, తిరిగి వచ్చిన రాత్రి గిన్నెలు తోమేదీ ఆమె. లోఖండే కాలంలో మిల్లు ఆడకూలీలు కూడా సభలకు వచ్చి ఆదివారం అడిగారు. ఆ ఆదివారం ఇంటి గడప దాటి లోపలికి ఇంకా రాలేదు.

మనలో కొందరు మిత్రులు విహారాన్ని మధ్యతరగతి విలాసమని చిన్నచూపు చూస్తారు. ఇది సరికాదు. విశ్రాంతిని విలాసమన్నది మొదట మిల్లు యజమానులు. ఆ మాట మన నోట రాకూడదు. మరికొందరు, యాత్రికులు వస్తే గిరిజనుడికి ఉపాధి వస్తుంది గదా అంటారు. ఎటువంటి ఉపాధి అని అడగాలి. విడిదిగృహం ఒకరిది, దాని ముందు ఊడ్చే చీపురు మరొకరిది ఐతే దానిని అభివృద్ధి అనలేము. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంత గ్రామసభకు తన వనరుల మీద అధికారం ఉన్నది. తన కొండకు ఎందరు రావాలో, రుసుము ఎవరికి చేరాలో, చెత్త ఎవరు ఎత్తాలో ఆ సభ తేల్చాలి. దానితోపాటు వ్యవసాయ కార్మికుడి దాకా జీతపు సెలవు రావాలి. కారు లేని కుటుంబం కోసం ప్రభుత్వ బస్సు ఆ ఘాటు ఎక్కాలి.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఒక మనవి. ఈ ఏడు విహారానికి వెళ్లండి, తప్పక వెళ్లండి. బయలుదేరే ముందు ఆ దారి ఎవరు వేశారో, ఆ కొండకు అసలు పేరేమిటో, ఆ నీటికింద ఏ ఊళ్లున్నవో అడిగి తెలుసుకోండి. తెలిసినది రాసి పెట్టండి. మీ ఇంట్లో వంటమనిషిని, మీ పొలంలో కూలీని, మీ హాస్టలు ఊడ్చేవారిని, కూలి తెగకుండా వారు చివరిసారి ఎప్పుడు ఊరు దాటారో కూడా అడగండి. ఆ జవాబులు కూర్చితే మన విహారయాత్రల చరిత్రలో ఇంకా రాయని అధ్యాయం తయారవుతుంది.